మృగశిరకు కుక్కను కట్టేయకండి

మృగశిర కార్తె పెట్టగానే మన దిక్కు ఇళ్లలో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. ఇంటెనక జాగా తవ్వి బెండ, గోకర, పుంటికూర గింజలు వేస్తారు. అప్పటిదాకా వాకిట్లో, దొడ్లో ఇష్టమొచ్చినట్టు తిరిగిన కుక్క మెడలో గొలుసు వేస్తారు. మడి ఖరాబు చేస్తదని భయం. ఇక దసరా దాకా దాని లోకమంతా ఆ నాలుగు అడుగుల గొలుసే. మొదటి పని ఎంత మంచిదో రెండోది అంత అనవసరం అంటాను. కుక్కకు కష్టమన్న మాట అట్లుంచండి, కూరగాయలకే అది నష్టం.

ఈ కాలంలో నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఊళ్లలో పెరటికి మొదటి పగ కోతులతోనే. లేత అనపకాయను ఒక్క కొరుకు కొరికి పారేస్తాయి, టమాట మొక్కను వేళ్లతో సహా పీకుతాయి. ఆ తర్వాత పందికొక్కులు. గొలుసుకున్న కుక్క అరవగలదు గాని గోడ దాకా పోలేదు. దాని గొలుసు ఎంత పొడుగో కోతులు తొందరగానే కనిపెడతాయి. ఒంటరి కుక్క పెద్ద గుంపును ఆపలేదన్నది నిజమే, ఎదురుపడితే గాయాల పాలవుతుంది కూడా. కానీ విడిగా తిరిగే కుక్క ఉన్న దొడ్లో ఒకటి రెండు కోతులు తీరిగ్గా దిగి కూర్చోవు. పందికొక్కుకు రాత్రంతా నిమ్మళంగా మట్టి తోడే వీలు దొరకదు. మడిని కాపాడాలని కట్టేసి, మడికి ఉన్న కాపలాను పోగొట్టుకుంటున్నాం.

మరి తవ్వుడు సంగతి ఏమిటంటారా? కుక్క ఊరికే తవ్వదు. బొంద ఎక్కడుంది, ఏ ఆకారంలో ఉంది అని చూస్తే కారణం అక్కడే కనిపిస్తుంది.

నీడలో, వెడల్పుగా, పళ్లెంలాగా లోతు తక్కువ బొంద ఉంటే అది వేడికి తవ్వుకున్న పడక. రోహిణి కార్తెలో నల్లగొండలో ఎండ 43, 44 డిగ్రీలు దాటుతుంది. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడం, చల్లటి నేలకు పొట్ట ఆనించడం, ఇవే దానికి తెలిసిన ఉపాయాలు. మన చల్క నేల, అంటే ఇసుక కలిసిన ఎర్ర నేల, ఎండకు గట్టిపడి గడ్డపారకు కూడా లొంగదు. దొడ్డి మొత్తంలో మెత్తగా, తడిగా ఉండే చోటు ఒక్కటే, నిన్న మీరు తవ్వి నీళ్లు పట్టిన మడి. అది అక్కడ పండుకోక ఇంకెక్కడ పండుకుంటుంది?

సన్నగా, లోతుగా, ఒకే చోట పదేపదే తవ్వుతూ ముక్కు పెట్టి వింటుంటే కింద ఎలుకో పందికొక్కో ఉన్నట్టు. అప్పుడు కుక్కను తిట్టకుండా బోను పెట్టండి. మీరు ఎరువు వేసిన సాలు వెంబడే తవ్వితే అది వాసన కోసం. పచ్చి పెంట, ఎముకల పొడి, బెల్లం కలిసినవి ఏవైనా దాని ముక్కుకు పిలుపే. ఇక మొక్కలు ఒకే గీత మీద తొక్కుడు పడి ఉంటే తవ్వుడు సమస్యే కాదది. గేటు చప్పుడైతే కుక్క గోడ వారగా ఉరికే దారికి మీరు అడ్డంగా మడి వేశారు.

అందుకని తోట గీసేముందు దాని దారి గీయాలి. మే చివరి వారంలో గడ్డపార పట్టుకోకముందు ఒక వారం ఊరికే చూడండి. గడ్డి మొలవకుండా నున్నగా అయిన చోట్లన్నీ కుక్క దార్లే. అవి దాదాపు ఎప్పుడూ ప్రహరీ వెంబడి, గేటు నుంచి వెనక తలుపు దాకా ఉంటాయి. ఆ దారిని 2 అడుగుల వెడల్పున అట్లనే వదిలేయండి. నూట యాభై, రెండు వందల గజాల ప్లాటులో ఇల్లు పోను మిగిలేదే 20 అడుగులకు 10 అడుగులు, అందులో రెండడుగులు వదలడమంటే బాధే. వదలకపోతే ఆ రెండడుగుల్లో వేసిన మొక్కలు ఎట్లాగూ దక్కవు. దారి మీద షాబాదు బండలు పరవొద్దు. మధ్యాహ్నం రెండింటికి ఆ బండ మీద మీ అరచేతి వెనక భాగాన్ని ఏడు సెకండ్లు ఉంచి చూడండి. ఉంచలేకపోతే దాని పాదాలూ కాలుతున్నట్టే. ఉత్త మట్టి చాలు.

రెండో ఏర్పాటు ఇసుక గుంత. నా దృష్టిలో కంచె కన్నా దీని అవసరం ఎక్కువ. 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, అడుగు లోతు. అడుగున మూడు అంగుళాల కంకర వేస్తే వాన నీళ్లు నిలవవు. పైన వాగు ఇసుక నింపాలి. రోబో ఇసుకలో దుమ్ము ఎక్కువ, అంచులు పదును, దీనికి పనికిరాదు. వేప చెట్టు కిందో, ఉత్తరం గోడ నీడలోనో, కూరగాయల మడికి కనీసం 6 అడుగుల దూరంలో ఉండాలి. పొద్దున ఒక బకెట్, పన్నెండు దాటాక ఒక బకెట్ నీళ్లు చల్లండి. మొదటి నాలుగైదు రోజులు ఇసుకలో గజ్జర ముక్కో, రొట్టె తునకో పూడ్చి పెడితే తవ్వే చోటు ఇదని దానికి అర్థమవుతుంది. గుంతను నీడలో పెట్టకుండా, నీళ్లు చల్లకుండా "మా కుక్క అందులోకి పోతలేదు" అనేవాళ్లే ఎక్కువ. పొడి ఇసుక ఎండకు మట్టి కన్నా ఎక్కువ కాలుతుంది మరి.

ఆ తర్వాతే జాలీ. అంగుళం కన్ను ఉన్న వెల్డ్ మెష్, 3 అడుగుల ఎత్తు చాలు. నాటు కుక్క మూడడుగులు అవలీలగా దూకగలదు, కానీ లోపల చల్లదనమూ వాసనా లేకపోతే దూకే పని పెట్టుకోదు. జాలీ కింది అర అడుగును బయటివైపు మడిచి నేల మీద పరిచి రాళ్లు పెట్టండి. కుక్క కంచె మొదట్లోనే తవ్వుతుంది, అక్కడ గోళ్లకు జాలీ తగిలితే మానుకుంటుంది. గుంజలకు వెదురు కర్రలో, పాత రాతి కడీ ముక్కలో సరిపోతాయి. సర్కారు తుమ్మ కంప మాత్రం వేయకండి. ఖర్చు లేదని చాలామంది వేస్తారు, కానీ ఆ ముల్లు పాదం మెత్తల నడుమ విరిగి లోపలే ఉండిపోతుంది, వానాకాలం తడికి చీము పడుతుంది.

గింజలు వేసిన మడికి ఇంకో చిన్న ఉపాయం ఉంది. కోళ్ల జాలీని మడి మీద చదునుగా పరిచి, వంచిన తీగ ముక్కలతో నేలకు గుచ్చండి. కాలి కింద తీగ తగలడం కుక్కకు నచ్చదు, పిట్టలూ గింజలు ఏరలేవు. బెండ ఐదారు రోజుల్లో మొలుస్తుంది. రెండు అసలు ఆకులు రాగానే జాలీ తీయాలి. ఇంకో వారం చూద్దామని ఆగితే కాండాలు కన్నుల్లో ఇరుక్కుని, తీసేటప్పుడు సగం మొక్కలు విరుగుతాయి.

ఇప్పుడు విత్తడం. తొలి చినుకుకే తొందరపడొద్దు. కట్టె గుచ్చితే అర అడుగు దాకా తడి తగలాలి. పిడికెడు మట్టి పిసికితే ఉండ కట్టాలి, నడుము ఎత్తు నుంచి వదిలితే పగిలిపోవాలి. పదును అంటే అది. చల్క నేలలో ఇంకో చిక్కు పెచ్చు కట్టడం. గట్టి వాన పడి వెంటనే ఎండ కాస్తే పైన పలకలాగా బిగుసుకుంటుంది, మొలక దాన్ని పగలగొట్టలేక కిందనే వంగి చస్తుంది. విత్తనాలు చెడ్డవని దుకాణాన్ని తిట్టుకునే సందర్భాల్లో చాలా భాగం ఇదే. సాలు తెరిచి గింజ వేశాక అదే మట్టితో మూయకుండా, సగం ఇసుక సగం చివికిన ఎరువు కలిపి అర అంగుళం మందాన కప్పితే పెచ్చు కట్టదు.

ఏది ఎక్కడ అన్నది కుక్క ఉన్న ఇంట్లో కొంచెం మారుతుంది. దారి పక్కన మొదటి వరుసలో బెండ, గోకర. కాండం గట్టిది, కాయ పైన కాస్తుంది. కొయ్యగూర, పాలకూర, కొత్తిమీర లోపలి మడిలో, జాలీ నడుమ. నేలకు ఆనుకుని పెరిగి, పచ్చిగానో సగం ఉడికించో తినే ఆకు మీద కుక్క మూత్రం చిందకూడదు గదా. బెండకు సాళ్ల మధ్య 2 అడుగులు, మొక్కల మధ్య అడుగు. గోకరకు అడుగున్నర, అర అడుగు. బీర, కాకర, అనప గోడ దగ్గరి పందిరికి. గుంత అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు. మూడు కిలోల చివికిన పెంట, గుప్పెడు వేపపిండి కలిపి నాలుగు గింజలు పెట్టి, చివరకు రెండు తీగలు ఉంచాలి. బీరలో మన దగ్గర జగిత్యాల లాంగ్ మంచి రకం. పందిరి ఆరడుగుల ఎత్తున ఉంటే ఆగస్టుకల్లా దాని నీడ కుక్కదే అవుతుంది, అప్పుడు పాదు మొదలు చుట్టూ అడుగు దూరంలో జాలీ చుట్ట ఒకటి నిలబెట్టాలి. చిక్కుడు ఇప్పుడు పెట్టినా పగలు పొట్టిగా అయ్యే చలికాలం దాకా పూత పట్టదు, దానికి తొందర లేదు.

టమాట, వంకాయ, మిరప నారును నేల మీద పోయకండి. 98 గుంటల ట్రేలలో కొబ్బరి పొట్టు నింపి, మూడడుగుల బల్ల మీద, సగం నీడనిచ్చే షేడ్ నెట్ కింద పెంచండి. టమాట, వంగ 25 నుంచి 30 రోజులకు, మిరప 35 నుంచి 40 రోజులకు నాటుకు వస్తాయి. నీళ్లు ఎక్కువై మొదలు కుళ్లి నారు పడిపోతుంటే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయాలి. ఒక జాగ్రత్త. ప్యాకెట్లో గింజలు గులాబీ రంగులోనో నీలం రంగులోనో ఉంటే వాటికి మందు పట్టించి ఉన్నారన్నమాట. వాటిని నానబెట్టొద్దు. నానబెట్టిన గిన్నె నేల మీద ఉంటే కుక్క ఆ నీళ్లు తాగుతుంది.

ఇక అసలు మాటకు వస్తున్నా. కుక్క తోటకు చేసే చెరుపు నాలుగు మొక్కలు. మనం తోటలో వేసేవి కుక్కకు చేసే చెరుపు దాని ప్రాణం. అన్నింటికన్నా ముందు ఆముదపు పిండి. ఒకప్పుడు మనవి ఆముదం జిల్లాలు. నాగర్‌కర్నూల్ దగ్గరి పాలెం వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి క్రాంతి, హరిత లాంటి ఆముదం రకాలు వచ్చింది కూడా ఇక్కడికే. నూనె తీయగా మిగిలిన పిండి చవకగా దొరుకుతుంది, మొక్కలకు మంచి బలం, చాలామంది పాదుల్లో వేస్తారు. కానీ ఆముదం గింజలో ఉండే రిసిన్ అనే విషం నూనెలోకి పోదు, పిండిలోనే ఉండిపోతుంది. దాని వాసన కుక్కకు ఇష్టం. తిన్న వెంటనే ఏమీ కాదు. ఆరు గంటల తర్వాతో, మరునాడో వాంతులు, నెత్తురు విరేచనాలు, నీరసం మొదలవుతాయి. దీనికి విరుగుడు మందు లేదు, సెలైన్ పెట్టి కాపాడుకోవడమే. లక్షణాలు కుక్కలకు సోకే పార్వో వ్యాధిలాగే ఉంటాయి కాబట్టి ఆముదపు పిండి సంగతి మీరు చెప్పకపోతే డాక్టరుకు తట్టకపోవచ్చు. పూడ్చి పెడితే చాలదు, వాసనను బట్టి తవ్వి మరీ తింటుంది. సేంద్రియ ఎరువు అని అమ్మే కలిపిన సంచుల్లోనూ ఇది ఉంటుంది, ఎముకల పొడీ ఉంటుంది. ఎముకల పొడి ఎక్కువగా తింటే కడుపులో గట్టి ముద్దగా బిగుసుకుని అడ్డం పడుతుంది. సంచి మీద రాసింది చదవండి. కుక్క ఉన్న ఇంట్లో పిండి ఎరువుల్లో వేపపిండి ఒక్కటే వాడండి, చేదుకు అది దగ్గరికి రాదు. పల్లి చెక్క కూడా వద్దు, బూజు పట్టిందైతే కాలేయాన్ని తింటుంది.

రెండోది విషపు ఎర. తవుడు, బెల్లం, పురుగుమందు కలిపి పొగాకు లద్దెపురుగు కోసం సాయంత్రం పూట చల్లే ఉండలు పొలంలో ఎంత మామూలో మనకు తెలుసు. కాయ ఈగ కోసం బెల్లం నీళ్లలో మందు కలిపి చిప్పల్లో పోసి పాదుల కింద పెట్టడమూ అట్లాంటిదే. తీపి వాసనకు ముందు వచ్చేది కుక్కే. పెరట్లో నాలుగు పాదులకు ఇవి అసలు అవసరం లేదు. బీర, కాకరల ఈగకు మగ ఈగలను వాసనతో పిలిచి పట్టే క్యూ లూర్ బుట్ట ఒకటి పందిరికి వేలాడదీస్తే చాలు. లద్దెపురుగును చేత్తో ఏరొచ్చు. రసం పీల్చే పురుగులకు 50 గ్రాముల వేపగింజల పొడి లీటరు నీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున వడగట్టి, సాయంత్రం కొట్టండి. గుళికల పురుగుమందు ఇంటి దొడ్లోకి రానే రాకూడదు. అది తిన్న కుక్కకు నోట చొంగ కారుతుంది, కంటిపాప చిన్నదవుతుంది, వణుకు వస్తుంది. నత్తల మందూ కొన్ని గంటల్లో ఫిట్స్ తెస్తుంది. నల్లటి ఎలుకల పొడి, అంటే జింక్ ఫాస్ఫైడ్, కడుపులోని ఆమ్లం తగలగానే విషవాయువవుతుంది. అది తిందని తెలిస్తే అన్నం పెట్టొద్దు, బండిలో తీసుకుపోయేటప్పుడు అద్దాలు దించండి, ఆ గాలి మీకూ ప్రమాదమే. ఏ విషానికైనా ఉప్పు నీళ్లు తాగించి కక్కించాలని చూడొద్దు, ఆ ఉప్పే ప్రాణం తీయగలదు. ప్యాకెట్ చేత పట్టుకుని పశువుల ఆసుపత్రికి పొండి.

జీవామృతం వేసేవాళ్లకు ఒక మాట. 20 లీటర్ల నీళ్లకు కిలో పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి అనేది ఇంటికి సరిపోయే లెక్క. బెల్లం వాసనకు కుక్క మూతి పెట్టకుండా, డ్రమ్ము మీద గోనె సంచి కప్పి ఊరుకోక చెక్క మూత పెట్టి బండరాయి ఎత్తండి.

వంటింటి చెత్త గుంతకూ మూత కావాలి. జూన్‌లో మామిడి టెంకలు, జూలై దాటితే మక్క బెండ్లు. రెండూ కుక్క మింగితే పేగుకు అడ్డం పడి ఆపరేషన్ దాకా పోతుంది. ఉల్లిగడ్డ నెత్తురును పాడు చేస్తుంది. కుక్క బరువులో కిలోకు 15 నుంచి 30 గ్రాములు చాలు, అంటే పది కిలోల కుక్కకు రెండు మామూలు గడ్డలు. ఎల్లిగడ్డ ఇంకా ఘాటు. అందుకని ఉల్లి నారుమడి జాలీ లోపలే. తోటలో కాసిన అనప, గోకర, గజ్జర ఉడికించి, ఉప్పు కారం లేకుండా దాని అన్నంలో కలపొచ్చు. అనపకాయ చేదుగా ఉంటే మాత్రం మీరూ తినొద్దు, దానికీ పెట్టొద్దు. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి దిక్కు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో మొక్కలకు ఏ నీళ్లు పట్టినా, కుక్క గిన్నెలో మీరు తాగే భగీరథ నీళ్లే పోయండి. పశువులకూ ఫ్లోరోసిస్ వస్తుంది.

పేడలాగే కుక్క మలమూ ఎరువే గదా అనుకునేవాళ్లున్నారు. కాదు. అందులోని నట్టల గుడ్లు మట్టిలో రెండు నుంచి నాలుగు వారాల్లో అంటుకునే స్థితికి వస్తాయి, ఏళ్ల తరబడి బతుకుతాయి. కొంకి పురుగు పిల్లలు ఉత్త కాళ్లతో మడిలో దిగిన మనిషి చర్మంలోంచి దూరతాయి. రోజూ ఎత్తి, కూరగాయలకు దూరంగా అడుగు లోతున పూడ్చండి. పెద్ద కుక్కకు మూడు నెలలకోసారి, పిల్లకు మూడు నెలలు నిండేదాకా రెండు వారాలకోసారి నట్టల మందు వేయాలి. మూత్రంతో మొక్క మాడటానికి కారణం అందులోని నత్రజని, ఉప్పు. చూసిన వెంటనే రెండు చెంబుల నీళ్లు కుమ్మరిస్తే చాలు. మగ కుక్క కాలెత్తడానికి నిలువుగా ఏదైనా కావాలి కాబట్టి దాని దారి మలుపులో ఒక కడీ ముక్క పాతి పెట్టండి, టమాట కర్రలు బతుకుతాయి.

వానలు పడ్డాక పిడుదులు ఎక్కువవుతాయి. వాటి కోసం మొక్కలకు మందు కొట్టి లాభం లేదు. కుక్క పిడుదు నెత్తురు తాగి రాలిపోయి గోడ పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పగుళ్లు సిమెంటుతో పూడ్చండి, కుక్కకు మందు డాక్టరు చెప్పినట్టు వాడండి. జూలై 6 జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే రోగాల దినం) నాడు పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, తారీఖు గుర్తుంచుకోండి. మడిలో గడ్డి కప్పు రెండు అంగుళాలు దాటనీయొద్దు. గోడ పక్కన గడ్డి కుప్పగా పెడితే ఎలుక, దాని వెనక పాము. కప్పను నోట పట్టి చొంగ కారుస్తుంటే తల కిందికి వంచి, నోటి పక్క నుంచి నీళ్లు పోసి కడగాలి, గొంతులోకి పోకూడదు.

గొలుసుకు పని ఒక్కటుంది. కాపర్ మందు గాని వేప కషాయం గాని కొట్టిన సాయంత్రం ఆకు మీద తడి ఆరేదాకా, కొత్తగా ఎరువు కలిపిన రోజు నీళ్లు ఇంకేదాకా, రెండు మూడు గంటలు నీడలో, నీళ్ల గిన్నె పక్కన పెట్టి కట్టండి. ఆకు ఆరిందో లేదో చేత్తో తాకి చూసి విప్పేయండి.